చవక ఇయర్‌బడ్స్‌ను వాపసు గడువు లోపలే పరీక్షించుకోవడం ఎలా?

బోట్, నాయిస్, రియల్‌మీ, హైదరాబాద్‌కు చెందిన మివి వంటి సంస్థలు 1,000 నుంచి 2,500 రూపాయల మధ్య అమ్మే ట్రూ వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ పెట్టెల మీద దాదాపు ఒకే రకమైన వివరాలు కనిపిస్తాయి: 40 గంటల ప్లేబ్యాక్, 13 మిల్లీమీటర్ల డ్రైవర్ (లోపల ధ్వని పుట్టించే చిన్న స్పీకరు), నాలుగు మైకులు, బ్లూటూత్ 5.3. ఈ అంకెలు నిజమే కావచ్చు. అయినా ఆ జత మీ చెవిలో ఎలా కూర్చుంటుందో, మీ ఫోనుతో ఎలా కలుస్తుందో, మీరు తిరిగే వీధి రొదలో ఎలా పనిచేస్తుందో వాటిలో ఏదీ చెప్పదు. ఈ ధరలో సరుకును నిజంగా తేల్చుకునే అవకాశం కొన్న తర్వాత, వాపసు గడువు ముగిసే లోపలే ఉంటుంది కాబట్టి ఆ కొద్ది రోజులను ఒక వరుసలో వాడుకోవాలి.

ఆర్డర్ చేసే ముందే వాపసు షరతులు చదవండి. చెవిలో పెట్టుకునే వస్తువు కావడంతో చాలామంది అమ్మకందారులు డబ్బు తిరిగి ఇవ్వరు, లోపం ఉంటే జత మార్చి ఇస్తారు. పెట్టె చేతికి రాగానే తయారీ నెల, సంవత్సరం చూడండి. లిథియం బ్యాటరీ వాడకపోయినా కాలంతో పాటు సత్తువ కోల్పోతుంది కనుక గోదాములో ఏళ్ల తరబడి మూలిగిన సరుకు ఎంత రాయితీకి వచ్చినా లాభం కాదు. మన దేశంలో వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. పెట్టె మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది ఏ తయారీదారుడి పేరు మీద ఉందో తెలుస్తుంది. సంఖ్యే లేకపోతే ఆ జతను చెవి దాకా తీసుకెళ్లవద్దు.

అన్నిటికంటే ముందు పరీక్షించవలసింది చెవిలో అమరిక. శబ్దం గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం, ముఖ్యంగా బేస్ లేదన్న ఫిర్యాదు, నిజానికి బడ్ కొసకు తొడిగే మెత్తని సిలికాన్ టిప్ సరిపోకపోవడం వల్ల వచ్చేదే. టిప్‌కూ చెవి గోడకూ మధ్య సన్న సందు ఉన్నా తక్కువ పౌనఃపున్యాల ధ్వని అందులోంచి జారిపోతుంది, బయటి రొద లోపలికి వస్తుంది. బేస్ బాగా ఉన్న పాట పెట్టి, రెండు బడ్స్‌నూ వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగితే మీరు వాడుతున్న టిప్ చిన్నదని అర్థం. పెట్టెలో ఇచ్చిన మూడు సైజులనూ ప్రయత్నించండి. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు సరిపోవడం మామూలు విషయమే. తర్వాత వాటిని పెట్టుకునే ఏదైనా నమలండి, మాట్లాడండి, వంగి చెప్పుల పట్టీ సరిచేసుకోండి. దవడ కదిలినప్పుడల్లా చెవి రంధ్రం ఆకారం మారుతుంది కనుక అద్దం ముందు నిలబడినప్పుడు గట్టిగా ఉన్న బడ్ భోజనం దగ్గర జారిపోవచ్చు. అరగంటకు మించి పెట్టుకుని చూశాకే నొప్పి ఉందో లేదో చెప్పగలం. ఏ టిప్‌తోనూ అమరిక కుదరకపోతే మిగతా పరీక్షలు అనవసరం, షరతులు ఒప్పుకుంటే ఆ రోజే వాపసుకు పెట్టండి. టిప్ లేకుండా చెవి అంచున కూర్చునే రకానికి ఈ నొక్కుడు పరీక్ష వర్తించదు. వాటిలో బేస్ తక్కువగా ఉండటం ఆ ఆకృతి స్వభావమే.

శబ్దం తేల్చుకోవడానికి కొత్త పాటలు పనికిరావు. మీకు కంఠతా వచ్చిన పాటలే కావాలి. నా మట్టుకు నేను కర్ణాటక సంగీత కచేరీ రికార్డింగు ఒకటి తప్పక వింటాను. మృదంగంలో ఎడమ తొప్పి నుంచి వచ్చే గుమికీ, కుడివైపు వేళ్ల దెబ్బకూ మధ్య తేడా విడివిడిగా వినిపించాలి, వెనుక తంబుర శ్రుతి ఆగకుండా తెలుస్తూ ఉండాలి. చవక జతల్లో బేస్‌ను అతిగా పెంచడం మామూలు కనుక తొప్పి గుమికి గాయకుడి గొంతు అణిగిపోతుంది. ఆ తర్వాత ఒక వార్తా ప్రసారం పెట్టి స, శ, ష అక్షరాల దగ్గర చెవిలో గుచ్చుతున్నదేమో గమనించండి. పాటలో దాగిపోయే ఈ కరుకుదనం మాటలో వెంటనే బయటపడుతుంది, రోజూ పాఠాలో ప్రసంగాలో వినేవారిని అలసిపోయేలా చేసేది కూడా అదే. రెండు జతలను పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానంగా పెట్టండి, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే మెరుగైనదని మన చెవి నమ్ముతుంది. ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో (రెండు చెవులకూ ఒకే ధ్వని) పెట్టి వింటే గొంతు తలకు సరిగ్గా నడుమ నుంచి రావాలి; ఒక పక్కకు ఒరిగితే, టిప్స్ సరిచూసిన తర్వాత కూడా అలాగే ఉంటే, ఆ జతలో లోపం ఉన్నట్టే.

మీకు చాలిన వాల్యూమ్ ఎంతో కూడా ఇక్కడే తెలుసుకోవాలి. పెద్దలు వారానికి 40 గంటలు వినేటట్టయితే ధ్వని 80 డెసిబెల్స్ దాటకూడదని, పిల్లలకు అది 75 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి సూచించాయి. సిటీ బస్సులో మాట అర్థం కావడానికి వాల్యూమ్‌ను దాదాపు చివరిదాకా పెంచవలసి వస్తుంటే ఆ జత బయటి రొదను ఆపడం లేదన్నమాట, అది మీ ప్రయాణానికి తగదు.

పెట్టె మీది అంకెల్లో రెండింటి గురించి మాత్రం చెప్పాలి. డ్రైవర్ పెద్దదైనంత మాత్రాన ధ్వని మెరుగుపడదు, దాన్ని ఎలా ట్యూన్ చేశారన్నదే ముఖ్యం. బ్లూటూత్ వెర్షన్ సంఖ్యను బట్టి కూడా నాణ్యతను చెప్పలేం. సంగీతం ఏ కోడెక్ (ధ్వనిని కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతి) ద్వారా ప్రయాణిస్తున్నదో చూడాలి. ఐఫోన్ ఎస్‌బీసీ, ఏఏసీ అనే కోడెక్‌లు తప్ప మరొకటి వాడదు కనుక ఐఫోన్ ఉన్నవారు ఎల్‌డాక్ అనే ఇంకో కోడెక్ కోసం అదనంగా చెల్లించనక్కరలేదు.

ఏఎన్‌సీ, ఈఎన్‌సీ అన్న రెండు పేర్ల దగ్గర కొనుగోలుదారులు ఎక్కువగా నష్టపోతున్నారు. ఏఎన్‌సీ మీ చెవికి చేరే బయటి రొదను తగ్గిస్తుంది. ఈఎన్‌సీ మీరు ఫోనులో మాట్లాడుతుండగా అవతలివారికి చేరే రొదను తగ్గిస్తుంది. మీరు వినే పాటకు దానితో ఏ సంబంధమూ లేదు. ఏఎన్‌సీ ఉన్న జతలో కూడా ఫ్యాను, ఇంజను వంటి ఎడతెగని గుయ్యి తగ్గుతుంది తప్ప పక్క సీటులో మాటలు, హారన్లు అంతగా తగ్గవు. పాట లేకుండా నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఏఎన్‌సీ వేసి చూడండి. బుస్సుమనే శబ్దం ఎక్కువగా ఉంటే రాత్రిళ్లు అది వేధిస్తుంది.

మైకును వాయిస్ రికార్డర్ యాప్‌తో పరీక్షించడం నమ్మదగినది కాదు, అటువంటి యాప్‌లు చాలా సార్లు ఫోను మైకునే వాడుతాయి. నిజమైన కాల్ చేసి, మొహమాటం లేకుండా చెప్పే మనిషిని అడగండి: మొదట తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను కింద నుంచి, తర్వాత రోడ్డు పక్క నుంచి. కొన్ని జతలు రొదను కోసేసే ప్రయత్నంలో మీ మాటల చివరి అక్షరాలను కూడా కోసేస్తాయి. ఇల్లు, ఉద్యోగం ఫోను మీదే నడిచేవారు పాట నాణ్యత కంటే ఈ ఒక్క విషయానికే ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. కాల్ సమయంలో ధ్వని పలచబడటం లోపం కాదు. మాటను మోసే బ్లూటూత్ పద్ధతి సాధారణంగా సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలనే తీసుకుంటుంది.

కనెక్షన్‌ను ఇంట్లో కాకుండా ఖాళీ మైదానంలో చూడాలి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మన ఒంటిలోని నీరు పీల్చుకుంటుంది. గదిలో గోడల మీద నుంచి తిరిగి వచ్చే తరంగం ఆ లోటు తీరుస్తుంది, మైదానంలో ఆ సాయం ఉండదు. ఫోనును ప్యాంటు వెనుక జేబులో ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు పెట్టుకుని నడవండి. వీడియోలో పెదవులకూ మాటకూ పొంతన కుదిరినంతలో ధ్వని చెవికి చేరడంలో ఆలస్యం లేదనుకోకండి. వీడియో యాప్‌లు ఆ ఆలస్యాన్ని ముందుగానే సర్దుకుంటాయి. అసలు ఆలస్యం ఫోనులో గేమ్ ఆడేటప్పుడు తెలుస్తుంది.

బ్యాటరీ విషయంలో పెద్ద అక్షరాల్లో వేసే 40 గంటలు కేస్‌తో (బడ్స్‌ను పెట్టి ఛార్జ్ చేసే డబ్బాతో) మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసిన మొత్తం. మీకు పనికొచ్చేది ఒక్క ఛార్జ్‌కు బడ్స్ ఎంతసేపు మోగుతాయన్నది. దాన్ని కూడా సంస్థలు మామూలుగా మధ్యస్థ వాల్యూమ్‌లో, ఏఎన్‌సీ ఆపి లెక్కిస్తాయి. సెలవు రోజున మీ వాల్యూమ్‌లో, మీ సెట్టింగులతో రెండూ ఆగిపోయేదాకా మోగించండి. మైకు బాధ్యత పంచుకోవడంలో తేడా వల్ల ఒకటి కాస్త ముందు ఆగవచ్చు, కానీ కొత్త జతలో గంటకు పైగా తేడా వస్తే మార్పించుకోండి. రాత్రి కేస్‌లో పెట్టి, ఉదయం రెండూ నిండాయో లేదో చూడటం మరవవద్దు. కేస్‌లోని పిన్నులు సరిగ్గా తగలక ఒక బడ్ ఛార్జ్ కాకపోవడం ఈ ధరల్లో తరచుగా వచ్చే జబ్బు.

నీటి రక్షణకు ఇచ్చే ఐపీఎక్స్4 రేటింగ్ అంటే నీటి చిలకరింపులను తట్టుకుంటుందని మాత్రమే అర్థం. అందులోని ఎక్స్ దుమ్ము విషయంలో రేటింగ్ ఇవ్వలేదని చెబుతుంది, కేస్‌కు ఆ రక్షణ సాధారణంగా ఉండదు. చెమట పట్టిన బడ్స్‌ను తుడవకుండా కేస్‌లో పెడితే పిన్నులు తుప్పు పడతాయి.

వారంటీ బిల్లు తేదీ నుంచి నడుస్తుంది కనుక బిల్లును ఫోనులో దాచుకోండి. ఒక బడ్ పోతే విడిగా అమ్ముతారా, ఎంతకు అమ్ముతారు, మీ ఊళ్లో సర్వీసు కేంద్రం ఉందా, లేక కొరియర్‌లో పంపాలా అన్నది గడువు లోపలే కస్టమర్ కేర్‌కు ఫోను చేసి అడగండి. లోపం కనబడిన వెంటనే వీడియో తీసి అమ్మకందారుకు రాతపూర్వకంగా పంపండి. ఆ తర్వాత కూడా స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, వారు ఇచ్చే సంఖ్యను ఆ బిల్లుతో పాటే ఉంచుకోండి.