రెండో అధ్యాయంలోనే హంతకుడు దొరికితే: కారులో సస్పెన్స్ ఆడియో నవల, సమస్యలు - పరిష్కారాలు

పాట మధ్యలో ఆగినా మళ్ళీ అందుకోవచ్చు. సస్పెన్స్ నవలలో గొంతు తగ్గించి చెప్పిన ఒక్క మాట జారిపోతే చివరి అధ్యాయం సగమే అర్థమవుతుంది. అందుకే కారు కదలకముందే ఇవన్నీ చూసుకోవాలని నా పట్టుదల.

సమస్య: అధ్యాయాలు తారుమారు కావడం

కర్నూలు నుంచి కడపకు తెల్లవారుజామున బయలుదేరాం. ఓర్వకల్లు దాటేసరికి మొదటి అధ్యాయం పూర్తయింది. తరువాతి అధ్యాయం మొదలవుతూనే ఇన్‌స్పెక్టర్ ఎవరికో బేడీలు వేస్తున్నాడు. వెనక సీటులో అత్తయ్య ముందుకు వంగి, "అదేమిటి బాబూ, ఈ మనిషి ఇంకా కథలోకే రాలేదు కదా?" అన్నారు. మాకు వినిపించింది పదో అధ్యాయం. మూడున్నర గంటల దారి మిగిలి ఉంది, కథలో మాత్రం దాచడానికి ఏమీ మిగల్లేదు.

కారణం: పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళకు 1, 2, 3 అని పేర్లు పెట్టాను. చాలా కారు స్టీరియోలు ఆ అంకెలను సంఖ్యలుగా కాక అక్షరాలుగా పోలుస్తాయి. అప్పుడు 1 తరువాత 10, 11, 12 వచ్చి, ఆ తరువాతే 2 వస్తుంది.

పరిష్కారం: 01, 02, 03 అని పేర్లు మార్చండి. వంద దాటితే 001. అయినా వరుస తప్పితే, ఆ స్టీరియో కాపీ చేసిన క్రమాన్నే పాటిస్తోందన్నమాట. పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, ఎఫ్ఏటీ32 (చాలా కారు స్టీరియోలు చదవగలిగే ఫైళ్ళ అమరిక) పద్ధతిలో ఫార్మాట్ చేసి, ఫైళ్ళను ఒక్కొక్కటిగా వరుసలో ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌ను స్టీరియో అసలే గుర్తించకపోయినా ముందు ప్రయత్నించవలసింది ఈ ఫార్మాటే.

సమస్య: వాక్యం మధ్యలో మూగబోవడం

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమలలోకి వెళ్ళేవారికి ఇది బాగా తెలుసు. నెట్ ద్వారా వింటుంటే యాప్ కొద్ది నిమిషాల కథనే ముందుగా తెచ్చుకుంటుంది. అడవిలో సిగ్నల్ పోగానే అది అయిపోతుంది. ఇంట్లోనే మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి. ఆపై ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మధ్య అధ్యాయం ఒకటి, చివరిది ఒకటి రెండు క్షణాలు వినిపించి చూడండి. డౌన్‌లోడ్ అయిందన్న గుర్తును మాత్రమే నమ్మకండి.

సిగ్నల్ ఉన్నా ఆగిపోతుంటే ఫోనులో బ్యాటరీ పొదుపు సెట్టింగ్ యాప్‌ను ఆపేస్తూ ఉండవచ్చు. ఆ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి. నిన్న రాత్రి పెట్టిన స్లీప్ టైమర్ (కొంతసేపటికి కథను దానంతటదే ఆపేసే ఏర్పాటు) కూడా ఒకసారి చూడండి.

సమస్య: గుసగుసలు వినబడకపోవడం

టైర్ల రొద, ఏసీ హోరు మంద్రస్థాయి శబ్దాలు. పాటల కోసం పెంచి ఉంచిన బాస్, అంటే స్టీరియోలోని మంద్ర ధ్వని, వాటికి తోడై మనిషి గొంతును కప్పేస్తుంది. వాల్యూమ్ పెంచితే రొద ఆగదు, తరువాత వచ్చే కేక మాత్రం చెవులు పగలగొడుతుంది. స్టీరియోలో ధ్వని స్థాయిలను సరిచేసే ఈక్వలైజర్‌లో బాస్ బాగా తగ్గించి, మాట స్పష్టంగా వినిపించే మధ్యస్థాయి (మిడ్) పెంచండి, అద్దాలు మూయండి, ఏసీ ఫ్యాన్‌ను ఒక మెట్టు దించండి. దారి చెప్పే యాప్ మాట్లాడినప్పుడల్లా కథ గొంతు తగ్గిపోతుంది. తెలిసిన దారే అయితే దాని గొంతు ఆపేయండి.

సమస్య: ఫోను వేడెక్కి ఆగిపోవడం

మే నెల ఎండలో డ్యాష్‌బోర్డు మీద పెట్టి చార్జింగ్ చేస్తే ఇదే జరుగుతుంది. నీడలో, ఏసీ గాలి తగిలే చోట ఉంచండి.

సమస్య: "ఇప్పుడేమన్నాడు?" అని డ్రైవరు పదేపదే అడగడం

దీన్ని చిన్నదిగా తీసుకోకండి. మనసు కథకూ రోడ్డుకూ మధ్య చీలిందని అర్థం. కడప నుంచి రాయచోటి వెళ్ళేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో, ఎదురుగా లారీలు దిగుతుంటే, ఎంత ఉత్కంఠ ఘట్టమైనా సరే ఆపేయాలి. ఘాట్ మొదలయ్యే ముందే పక్క సీటులోని వారు ఆపాలి. నడుపుతూ ఫోను చేత పట్టుకోవడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం కూడా. ఆ దారిలోనే పాలకోవా దుకాణాలున్నాయి. అక్కడ కారు దిగి కాస్త విశ్రాంతి తీసుకుని, మళ్ళీ బయలుదేరేటప్పుడు కథను ఒక నిమిషం వెనక్కి జరిపి మొదలుపెట్టండి.