చిగుళ్ల చికిత్సతో పాటు ప్రోబయాటిక్ బిళ్లలు: ఎప్పుడు, ఎట్లా వాడాలి

చిగుళ్ల నుంచి రక్తం వస్తుందని ముందుగా ప్రోబయాటిక్ బిళ్లలు, అంటే మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న బిళ్లలు, కొనకండి. పంటికి గార గట్టిగా పట్టాక దాన్ని ఏ బిళ్లా కరిగించదు, యాప పుల్లా ఉప్పూ కూడా అంతే. పరికరంతో గీకి తీయాల్సిందే (దీన్నే స్కేలింగ్ అంటారు).

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో చిగుళ్ల స్పెషలిస్టు దగ్గర మొదట కొలతలు తీయించుకోండి. గీతలున్న సన్నటి ప్రోబ్‌తో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల, పంటికీ చిగురుకూ మధ్య ఉండే సంచి లోతు చూస్తారు. 3 మి.మీ. వరకు మామూలే. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే, రక్తం కూడా వస్తుంటే, చిగురు కింద శుభ్రం చేయాలి. ఆ అంకెలు రాసిన కాగితాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. చికిత్స పనిచేసిందో లేదో తేల్చేది అదే. మత్తు సూది ఇచ్చి, జబ్బును బట్టి కొన్ని విడతల్లో వేర్ల దాకా శుభ్రం చేస్తారు. తర్వాత పండ్ల మధ్య సందులు కనిపిస్తే స్కేలింగ్‌తో పండ్లు వదులైనయని భయపడతారు. నిజానికి గార పోయి, వాపు దిగితే అట్లాగే కనిపిస్తుంది.

బిళ్ల ఎంచుకునేటప్పుడే ఎక్కువ పొరపాట్లు జరుగుతయి. మెడికల్ షాపులో ‘ప్రోబయాటిక్’ అనడిగితే చాలాసార్లు విరేచనాలకు వాడే క్యాప్సూలో, బాసిల్లస్ క్లాసీ సీసానో చేతిలో పెడతారు. మింగిన క్యాప్సూల్ కడుపులోకి పోయాకే విచ్చుకుంటుంది, చిగుళ్లకు అందేది ఏమీ ఉండదు. కావాల్సింది నోట్లో చప్పరించే బిళ్ల. చిగుళ్ల మీద ఎక్కువగా పరీక్షించింది లాక్టోబాసిల్లస్ రూటెరి, అందులోనూ డీఎస్ఎం 17938, ఏటీసీసీ పీటీఏ 5289 అనే రెండు రకాలు. ఒక్కో బిళ్లలో ఒక్కో రకం బ్యాక్టీరియా కనీసం 10 కోట్లు ఉండాలి. రకం సంఖ్య లేకుండా ఉత్త ‘లాక్టోబాసిల్లస్’ అని రాసి ఉంటే పక్కన పెట్టేయండి. ఇంటి పెరుగు మంచిదే కానీ ఈ లెక్కలోకి రాదు.

ఇవి బతికున్న సూక్ష్మజీవులు. మే నెలలో రామగుండం, వరంగల్ ఎండలకు బండి డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉంటే చాలు, చాలావరకు చచ్చిపోవచ్చు. 25 డిగ్రీల లోపు, తడి తగలకుండా, మూత బిగించి పెట్టాలి. ఎండాకాలం ఫ్రిజ్ తలుపు అర సరిపోతుంది.

వాడే తీరు ఇది. పొద్దున, రాత్రి బ్రష్ చేసి, సందుల్లో చిన్న బ్రష్ తిప్పి, పుక్కిలించాక ఒక బిళ్ల నాలుక మీద పెట్టుకుని మెల్లగా కరగనివ్వాలి. నమలొద్దు. తర్వాత అరగంట ఏమీ తినొద్దు, తాగొద్దు. రాత్రి బిళ్ల మాత్రం మానొద్దు; నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి అది నోట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. డాక్టర్ క్లోరెక్సిడిన్ పుక్కిలింత రాస్తే అది పూర్తయ్యాకే మొదలుపెట్టండి. అది మంచీ చెడూ చూడకుండా అన్నింటినీ చంపుతుంది. యాంటీబయాటిక్ వాడుతున్నా అంతే.

పరీక్షల్లో సాధారణంగా మూడు వారాల నుంచి మూడు నెలల దాకా వాడించారు. మానేశాక ఈ బ్యాక్టీరియా నోట్లో ఎక్కువ రోజులు నిలవదు. ఫలితాలూ ఒక్క తీరుగా లేవు, తేడా కనిపించినచోట కూడా సగటున మిల్లీమీటరులో కొంతే. యూరప్ పీరియాడాంటాలజీ (చిగుళ్ల వైద్యం) సమాఖ్య 2020 మార్గదర్శకాలైతే శుభ్రం చేయడానికి తోడుగా వీటిని వాడొద్దనే సూచించినయి. చేతిలో డబ్బు తక్కువుంటే ముందు వేర్ల శుభ్రతకు, సందుల బ్రష్‌లకు పెట్టండి. బీడీ, గుట్కా, జర్దా మానకుండా, షుగర్ అదుపులో లేకుండా బిళ్ల చప్పరిస్తే ఖర్చు తప్ప మిగిలేదేం లేదు.

కీమో తీసుకునేవాళ్లు, అవయవ మార్పిడి మందులు వాడేవాళ్లు, గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వీటిని ముట్టొద్దు. చీము, జ్వరం, దవడ వాపు ఉంటే ఇది బిళ్లలతో ఆగే పని కాదు, అదే రోజు దవాఖానకు పోండి.

మూడు నెలలకు మళ్లీ లోతు కొలిపించి పాత ఫొటోతో పోల్చండి. 6 మి.మీ. గానీ ఎక్కువ గానీ సంచులు ఇంకా మిగిలితే బిళ్లలు ఆపి, చిగుళ్ల ఆపరేషన్ అవసరమా అని అడగండి.