కారు లేకుండా మాల్టా చూడడం ఎలా? కాలినడకన, బస్సులో, పడవలో

మధ్యధరా సముద్రంలోని దీవుల దేశం మాల్టా పటం చూసి చాలామంది మోసపోతారు. పెద్ద దీవి పొడవు 27 కిలోమీటర్లే, వెడల్పు 15 కూడా లేదు. రెండు రోజుల్లో చుట్టేయొచ్చులే అనిపిస్తుంది. తీరా దిగాక చూస్తే, రాజధాని వలెట్టా నుంచి ఉత్తర కొసన ఉన్న చిర్కెవ్వా రేవుకు బస్సులో వెళ్లడానికే గంట పడుతుంది, వేసవి సాయంత్రాల్లో గంటన్నర. ఇక్కడ దూరం లెక్క పనిచేయదు. ఆ రోజు గాలి ఎటు నుంచి వీస్తోంది, కావాల్సిన బస్సు ఎంతసేపటికొకటి వస్తుంది అన్నవి చూసుకుని ఆ రోజు ప్లాను వేసుకోవాలి. నాలుగు రోజులుంటే హాయిగా సరిపోతుంది. ఏప్రిల్, మే, అక్టోబరు మంచి నెలలు. జూలై, ఆగస్టుల్లో ఎండకూ జనానికీ తట్టుకోవడం కష్టం.

ముందు బస ఎక్కడో తేల్చుకోండి

వలెట్టా లేదా స్లీమా. ఈ రెంటిలో ఒకటి ఎంచుకుంటే సగం పని అయినట్టే. పెద్ద దీవిలో ఎక్కువ బస్సులు వలెట్టా ద్వారం బయట, ట్రైటన్ ఫౌంటెన్ చుట్టూ ఉన్న బస్టాండు నుంచే బయలుదేరతాయి. స్లీమాలో హోటళ్లు ఎక్కువ, ఎదుటి ఒడ్డున ఉన్న వలెట్టాకు పదినిమిషాల పడవ ఉంది. ఊరు చివర చవగ్గా గది దొరికిందని దూరంగా దిగితే, మిగిలిన డబ్బుకు బదులు రోజూ రెండు గంటలు బస్టాపులో కడతారు.

పేర్లు చదవడం నేర్చుకోండి

మాల్టాలో ఇంగ్లీషు కూడా అధికార భాషే, కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఊరి పేర్లతోనే. బోర్డు మీద ఉన్నట్టు పలికితే డ్రైవరుకు అర్థం కాకపోవచ్చు. ఇంగ్లీషు ఎక్స్ అక్షరం కనిపిస్తే 'ష' అనండి. జె అక్షరాన్ని 'య' అనాలి. చుక్క పెట్టిన సి 'చ', చుక్క పెట్టిన జి 'జ'. క్యూ అక్షరం గొంతులో చిన్న నొక్కు మాత్రమే, 'క' పలకదు. ఆ లెక్కన దక్షిణాన జాలరుల ఊరు మర్సాష్లొక్, రాతియుగపు గుడి హజర్ ఈమ్, గోజో దీవిలోని ఒక ఊరు షారా.

టికెట్టు

బస్సెక్కి డ్రైవరు దగ్గరే కొనొచ్చు, లేదా బ్యాంకు కార్డు యంత్రానికి తాకిస్తే చాలు. చలికాలంలో 2 యూరోలు, వేసవి నెలల్లో 2.50. ఒక టికెట్టు మీద రెండు గంటల్లోపు ఎన్ని బస్సులైనా మారొచ్చు. బస్సు మారినప్పుడల్లా అదే కార్డు మళ్లీ తాకించాలి. మొదట కార్డు, తర్వాత ఫోను తాకిస్తే రెండు వేర్వేరు టికెట్లు తెగుతాయి. కార్డూ ఫోనూ ఒకే బ్యాంకు ఖాతావే అయినా యంత్రానికి అవి వేర్వేరే.

ఏడు రోజుల ఎక్స్‌ప్లోర్ కార్డు సుమారు 25 యూరోలు. వేసవిలో పది ప్రయాణాలు దాటితేనే గిట్టుబాటు. మనిషికో కార్డు ఉండాలి. నలుగురు కలిసి వెళ్తుంటే పన్నెండు ప్రయాణాల కార్డు మేలు. అది 19 యూరోల చుట్టుపక్కల ఉంటుంది, ఒకే కార్డును అందరూ పంచుకోవచ్చు. కొనేముందు ఆనాటి ధర ఒకసారి చూసుకోండి.

బస్సు ఎక్కే తీరు

ఇక్కడ కూడా మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు. కాబట్టి ఏ వైపు నిలబడాలన్న తికమక ఉండదు. అయితే చెయ్యి ఎత్తకపోతే బస్సు ఆగదు. స్టాపులో ఉన్నారు కదా అని ఆపరు. బస్సు నిండిపోతే చెయ్యి ఎత్తినా ఆపకుండా వెళ్లిపోతారు. వేలాడుతూ వెళ్లడం ఇక్కడ కుదరదు.

2022 అక్టోబరు నుంచి స్థానికులకు వాళ్ల సొంత కార్డు మీద బస్సు ప్రయాణం ఉచితం. పర్యాటకుల రద్దీ కూడా తోడై వేసవిలో మధ్య స్టాపుల్లో నిలబడ్డవాళ్లు వరసగా రెండు మూడు బస్సులు వదులుకోవాల్సి రావచ్చు. దానికి మందు ఒకటే: వీలైనంత వరకు బస్సు బయలుదేరే చోటే ఎక్కండి, తొమ్మిది లోపే ఎక్కండి. తల్లిన్యా అనే బస్సుల యాప్‌లో బస్సు ఎక్కడుందో కనిపిస్తుంది. వేసవిలో ప్రతి ఊరికీ తన చర్చి ఉత్సవం ఉంటుంది, ఆ సాయంత్రం వీధులు మూసి బస్సులు దారి మళ్లిస్తారు. యాప్‌లో ఆ కబురు కూడా ఉంటుంది.

గాలి చూడకుండా పడవ అనుకోవద్దు

వాస్తు మాటలు వింటూ పెరిగినవాళ్లకు ఈ భాగం సులువు. ఈశాన్యం, ఆగ్నేయం అని మనకు మూలమూలకూ ఒక్క మాట ఉన్నట్టే మాల్టా వాళ్లకూ ఉంది, ఆ దిక్కు పేరే అటు నుంచి వచ్చే గాలికీ. వాయవ్యపు గాలి మయ్యిస్ట్రాల్. ఈశాన్యపుది గ్రిగాల్. ఆగ్నేయపుది ష్లొక్. నైరుతిది ల్బీచ్. మర్సాష్లొక్ అంటే ఆగ్నేయ రేవు అనే.

ఎక్కువ రోజులు వీచేది మయ్యిస్ట్రాల్. అది గట్టిగా ఉన్న రోజు గోజో, కొమినో దీవుల మధ్య జలసంధి ఎగసిపడుతుంది, కొమినో చిన్న పడవలు ఆగిపోతాయి. గ్రిగాల్ వస్తే వలెట్టా రేవు ముఖద్వారం, స్లీమా ఒడ్డు అల్లకల్లోలం, వలెట్టా నుంచి గోజోకు పోయే వేగపు పడవ రద్దయ్యే అవకాశం ఎక్కువ. ష్లొక్, ల్బీచ్ వీస్తుంటే దక్షిణ ఒడ్డున ఉన్న బ్లూ గ్రొట్టో గుహల పడవలు తీయరు. ఎండ కాస్తూ ఆకాశం నీలంగా ఉన్నా తీయరు. గుహ వాకిలి దగ్గర అల ఒక మీటరు లేచినా పడవ రాతికి కొట్టుకుంటుంది. చాలామంది వానకే భయపడి వాతావరణ సూచన చూస్తారు, గాలి దిక్కు చూడరు. ముందురోజు రాత్రి గాలి బాణం ఎటు చూపుతోందో చూసి, మరుసటి రోజు ఏ ఒడ్డుకు పోవాలో అప్పుడు తేల్చండి.

మొదటి రోజు: రేవు చుట్టూ

స్లీమా నుంచి పడవెక్కితే వలెట్టాలో మార్సంషెట్ రేవు వైపు దిగుతారు. అక్కడ నుంచి ఊరి నడుమకు నిటారు వీధి, కొన్నిచోట్ల మెట్లు. మాల్టా సున్నపురాయి అరిగి అరిగి అద్దంలా నున్నబడి ఉంటుంది. చినుకు పడితే జారుడు బండే. అడుగు అరిగిన చెప్పులతో రావద్దు.

ఊరు పొడవు ఒక కిలోమీటరే. 1565లో ఒట్టోమన్ల ముట్టడిని తట్టుకున్నాక, సెయింట్ జాన్ యోధులు మరుసటి ఏడు పునాది వేసి కట్టిన కోటపట్నం ఇది. సెయింట్ జాన్ కో-కేథడ్రల్‌లో కరవాజ్జో 1608లో గీసిన పెద్ద చిత్రం ఉంది. ఆదివారం పర్యాటకులను లోపలికి రానివ్వరు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, సూదిమొన హీల్స్ వేసుకుంటే ఆపేస్తారు.

పన్నెండుకు పది నిమిషాల ముందే అప్పర్ బరక్కా తోట అంచుకు చేరితే కింద మధ్యాహ్నపు ఫిరంగి పేల్చడం కనబడుతుంది. ఆ తోటలోనే 58 మీటర్ల లిఫ్టు ఉంది. దాంట్లో దిగితే రేవుగట్టు. అక్కడ నుంచి అవతలి ఒడ్డున మూడు పాత పట్నాలు: బిర్గు, బొర్మ్లా, సెంగ్లియా. దాటడానికి రెండు దారులు. మామూలు ఫెర్రీ బొర్మ్లా గట్టుకు చేరుస్తుంది. దైసా అనే చిన్న చెక్క పడవ మనిషికి రెండు మూడు యూరోలు తీసుకుని నేరుగా బిర్గు ఒడ్డుకు దాటిస్తుంది. వెళ్లేటప్పుడు దైసా, వచ్చేటప్పుడు ఫెర్రీ మంచి కలయిక, ఎందుకంటే సాయంత్రం గాలి లేస్తే దైసాలు ముందు ఆగిపోతాయి. సెంగ్లియా కొసన రాతి కాపలా గూడు ఉంది. దాని మీద కన్ను, చెవి చెక్కి ఉంటాయి, రేవును చూస్తున్నాం, వింటున్నాం అని చెప్పడానికి.

రెండో రోజు: దక్షిణపు అంచు

వరుస తప్పితే దెబ్బతినేది ఈ రోజే. వలెట్టా నుంచి 74 నంబరు బస్సులో ముందు బ్లూ గ్రొట్టో. గుహల్లో నీలిరంగు మెరిసేది ఉదయపు వెలుతురులో, మధ్యాహ్నం దాటితే నీడ పడుతుంది. పడవ ప్రయాణం ఇరవై నిమిషాలు, పది యూరోల చుట్టుపక్కల. నగదు ఉంచుకోండి.

అక్కడి నుంచి హజర్ ఈమ్ గుడికి ఎగువ రోడ్డు, అరగంట నడక. క్రీ.పూ. 3600 నుంచి 3200 మధ్య కట్టింది. మెత్తని రాయి వానకు కరిగిపోతోందని 2009లో పైన పెద్ద గుడారం కప్పారు. అర కిలోమీటరు కింద, సముద్రం వైపు, మ్నాయ్‌ద్రా అనే జంట గుడి ఉంది. చాలామంది మొదటిది చూసి తిరిగిపోతారు, కానీ రెండోదే అందంగా ఉంటుంది. తిరిగి ఎక్కేటప్పుడు నీడ ఒక్క చెట్టుదీ దొరకదు, లీటరున్నర నీళ్లు ఉండాలి. కొన్న సీసా పారేయకండి, దాని ధరలో పది సెంట్లు డిపాజిట్టు, దుకాణాల దగ్గరి యంత్రంలో వేస్తే తిరిగొస్తుంది.

తర్వాత 201 బస్సు. ఇది సుమారు గంటకొకటి. సమయం చూసుకోకుండా గుడి నుంచి బయటికొస్తే ఎండలో గంట నిలబడాలి. ముందు బస్సు సమయం చూసి, దాన్నిబట్టి గుడిలో ఎంతసేపో నిర్ణయించుకోండి. ఇదే బస్సు దింగ్లి కొండచరియల దగ్గర ఆగుతుంది. దీవిలో ఎత్తైన చోటు ఇక్కడే, సముద్రానికి 253 మీటర్ల పైన. అంచుకు కంచె ఉండదు, పొడిరాయి పొరలుగా ఊడుతుంది, రెండు మూడు మీటర్లు ఎడంగా నడవండి. గోడల మీద ఆర్.టి.ఒ. అని రంగుతో రాసి ఉంటే రవాణా కార్యాలయం అనుకోవద్దు, అది సొంత భూమి, లోపలికి రావద్దని. పిట్టల వేట కాలంలో పొలాల్లో తుపాకులు పేలుతుంటాయి, దారి వదిలి వెళ్లకండి.

దింగ్లి నుంచి అదే బస్సు రబాత్ చేరుస్తుంది, పక్కనే కోటగోడల పాత రాజధాని ఇమ్దీనా. సాయంత్రం అయిదు తర్వాత గుంపులు పోయాక చూడాలి. రబాత్‌లో వేడి పస్తిత్సి తినండి, పొరలు పొరలుగా విచ్చుకునే మన ఎగ్‌పఫ్‌కు దూరపు చుట్టం. బఠానీది, రికొత్తా జున్నుది శాకాహారులకని అమ్ముతారు కానీ పిండిలో పందికొవ్వు కలిపే చోట్లున్నాయి, అడిగి కొనండి. తిరిగి వలెట్టాకు 51, 52, 53.

మూడో రోజు: గోజో

వలెట్టా నుంచి 41 లేదా 42, స్లీమా నుంచి 222 చిర్కెవ్వాకు పోతాయి. అక్కడి పెద్ద ఫెర్రీ 25 నిమిషాల్లో గోజోలోని ఇంజార్ రేవుకు చేరుస్తుంది. వెళ్లేటప్పుడు టికెట్టు అడగరు. నడిచివచ్చేవాళ్లకు 4.65 యూరోలు, తిరుగు ప్రయాణంలో ఇంజార్ దగ్గరే కడతారు. వలెట్టా రేవు నుంచి నేరుగా వేగపు పడవ కూడా ఉంది, 45 నిమిషాలు, ధర ఎక్కువ. ఇక్కడో చిన్న కిటుకు: ఉదయం చిర్కెవ్వా దారిన వెళ్లి, సాయంత్రం వేగపు పడవలో వలెట్టాకు వచ్చేస్తే పెద్ద ఫెర్రీకి పైసా కట్టక్కర్లేదు, అలసిపోయిన వేళ బస్సు గంటన్నరా తప్పుతుంది. తిరగేసి చేస్తే రెండింటికీ డబ్బు.

గోజో బస్సులన్నీ విక్టోరియా అనే నడిమి ఊళ్లో కలుస్తాయి. చాలావాటికి గంటకొకటే, అందుకే ఒక్క రోజులో రెండు చోట్లకు మించి పెట్టుకోవద్దు. విక్టోరియా కొండ మీది కోట బస్టాండు నుంచి పది నిమిషాల నడక, అది లెక్కలోకి రాదు. మిగతా రెండింటిలో ఒకటి 311 బస్సులో ద్వెయ్‌రా. అక్కడి అజూర్ విండో అనే రాతి తోరణం 2017 మార్చి 8న తుఫానుకు కూలిపోయింది, పాత ఫొటోలు చూసి వెతక్కండి. పక్కనే ఉన్న లోపలి సముద్రం నుంచి చిన్న పడవలు రాతి సొరంగం గుండా బయటి కడలికి తీసుకెళ్తాయి.

రెండోది మర్సాల్‌ఫోర్న్ నుంచి ఒడ్డు వెంట అరగంట నడిస్తే వచ్చే ష్వెయ్ని ఉప్పు మడులు. మన చినగంజాంలో మడులు మట్టిలో కడతారు. ఇక్కడ పసుపుపచ్చని రాతిలో చదరాలు చదరాలుగా తొలిచారు. వేసవిలో అడుగున తెల్లపొర కట్టిన ఉప్పును చీపుళ్లతో ఊడ్చి కుప్ప పోస్తారు. గట్ల మీదికి ఎక్కకండి, చెప్పుల మట్టి పడితే ఆ మడి ఉప్పు పాడవుతుంది.

నాలుగో రోజు: కొమినో, గాలి ఒప్పుకుంటే

బ్లూ లగూన్‌కు 2025 వేసవి నుంచి ముందే ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకోవాలి, ఉచితమే. పడవ చిర్కెవ్వా నుంచి. ఉదయపు మొదటి పడవ పట్టుకుంటేనే ఆ నీటి రంగు కనిపిస్తుంది, పదకొండు దాటాక తలలే. అప్పుడు ఒడ్డు వదిలి 1618 నాటి కావలి బురుజు దాకా నడవండి, అరగంటే. ఈతకు నీళ్లలోకి దిగేటప్పుడు అంచున పచ్చటి నాచు పట్టిన రాతి మీద అడుగు వేయొద్దు. ఇక్కడ దెబ్బలు ఎక్కువగా తగిలేది అలా జారే. కూర్చుని జరుగుతూ దిగండి, లేదా ఇనుప నిచ్చెన వాడండి. చివరి పడవ ఎప్పుడో ఎక్కినప్పుడే పడవవాళ్లను అడిగి, మీరెక్కిన సంస్థ పేరు ఫొటో తీసుకోండి. ఒకరి తిరుగు టికెట్టు ఇంకొకరి పడవలో చెల్లదు.

గాలి ఒప్పుకోని రోజు మర్సాష్లొక్ రేవుకు పోండి, వలెట్టా నుంచి 81 లేదా 85. లుత్సు పడవల ముక్కున రెండు పక్కలా రంగుల కళ్లు గీసి ఉంటాయి. చేపల సంత ఆదివారం పెద్దది. పౌలా ఊళ్లోని హైపోజియం అనే భూగర్భ సమాధి గుడికి మాత్రం గాలివాన రోజున అప్పటికప్పుడు వెళ్లలేరు. విడతకు పది మందినే పంపుతారు, విమానం టికెట్టు తీసుకున్న వారంలోనే దాని టికెట్టూ తీసుకోండి. మిగిలినవేమైనా ఉంటే ముందురోజు వలెట్టాలోని సెయింట్ ఎల్మో కోట దగ్గర అమ్ముతారు, కౌంటరు తెరవకముందే వరసలో ఉండాలి.

సంచిలో మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్గు అడాప్టరు వేసుకోండి, మన గుండ్రని పిన్నులు అక్కడి సాకెట్లో దూరవు.