నెల సరుకుల డబ్బుకు 5 కవర్లు

నెల మొదట్లో సరుకులన్నీ తెచ్చుకున్నా, 20వ తేదీ దాటేసరికి కూరగాయలకు డబ్బు చాలక సర్దుకోవలసి రావడం మా ఇంట్లో చాలాకాలం సాగింది. లెక్క తప్పుతున్నది పెద్ద సరుకుల దగ్గర కాదు, ఫోనుతో చెల్లించే చిన్న చిన్న కొనుగోళ్ల దగ్గర.

నలుగురున్న మా ఇంటికి బియ్యం, పాలు కాక నెలకు 9,000 రూపాయలు కేటాయించుకున్నాము. అందులో 5,000 రూపాయలతో పప్పులు, నూనె, చింతపండు వంటివి విశాఖపట్నంలోని పూర్ణా మార్కెట్‌లో ఒకేసారి కొంటాము. వెళ్లే ముందు డబ్బాలన్నీ తెరిచి చూసి, ఇంకా ఇంట్లో మిగిలి ఉన్నవాటిని జాబితాలోంచి కొట్టివేస్తాము. తక్కిన 4,000 రూపాయలను నగదుగా తీసి, 900 చొప్పున 4 కవర్లలోనూ, చివరి రెండు మూడు రోజుల కోసం 400 ఐదో కవరులోనూ పెడతాము. ప్రతి ఆదివారం ఒక కవరు మాత్రమే పట్టుకుని ఎంవీపీ కాలనీ రైతు బజారుకు వెళ్తాము. ధరల బోర్డు చూసి, ఆ వారం చవకగా ఉన్న కూరలను బట్టే వంట నిర్ణయించుకుంటాము. ఫోను ఇంట్లోనే వదిలి వెళ్లడం మొదట కష్టంగా అనిపించినా, అసలు ఆదా అక్కడే.

సంక్రాంతి, దసరా నెలల్లోనూ, చుట్టాలు వచ్చినప్పుడూ ఈ లెక్క నిలవదు కనుక వాటికి డబ్బు విడిగా తీసిపెట్టుకోవాలి. చవకగా వచ్చిందని రవ్వ, పిండి మాత్రం ఎక్కువగా కొనకండి. మన సముద్రపు తేమకు అవి త్వరగా పురుగు పడతాయి.