మ్యాప్స్ జేబులో పెట్టి చార్మినార్ నుంచి నయాపూల్ దాకా: దారి బుర్రకెక్కాలంటే ఏం చేయాలి

అమీర్‌పేట్ మెట్రోలో దిగి రోడ్డు మీదకొచ్చాక ఎటు చూస్తున్నామో తెలీక అలా నిలబడిపోయారా ఎప్పుడైనా? నాకు ఏళ్ల తరబడి ఇదే గోల. మ్యాప్స్ తీస్తే నీలం చుక్క గిర్రున తిరుగుతూ "ఉత్తరం వైపు వెళ్లండి" అంటది, ఉత్తరం ఎటో తెలిస్తే నిన్నెందుకు అడుగుతా తల్లీ.

తప్పు మనది కాదు, ఆ మెట్లది. మన మెదడులో హెడ్ డైరెక్షన్ సెల్స్ అని కణాలుంటాయ్, మొహం ఏ వైపు తిరిగితే ఆ వైపుకి సంబంధించినవి మోగుతాయ్, అంటే సంకేతాలిస్తాయ్. దిక్సూచిలా అయస్కాంతంతో పనిచేసేవి కావు, కళ్లకి కనబడే పెద్ద గుర్తుల్ని పట్టుకుని, లోపలి చెవి చెప్పే మలుపుల లెక్కతో నడుస్తాయ్. నాలుగు గోడల మధ్య మెట్లు రెండు మూడు సార్లు తిరిగేసరికి గుర్తులుండవు, ఒట్టి లెక్కే మిగులుతుంది, అదేమో తిరిగిన ప్రతిసారీ కొంచెం తప్పుతుంది. అందుకే బయటికి రాగానే నడక మొదలెట్టొద్దు. ఓ పది సెకన్లు ఆగి, తలెత్తి పైన లైను చూసి, మియాపూర్ ఎటు, ఎల్బీనగర్ ఎటు అన్నది తేల్చుకోండి. అది కుదిరితే మిగతా ఊరంతా దానంతటదే సర్దుకుంటుంది.

ఇక మెదడులో ఉండే అసలు మ్యాపు సంగతి. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్ ఎలుకల మెదడులో హిప్పోక్యాంపస్ అనే చోట, ఎలుక ఒక ఫలానా మూలకి వచ్చినప్పుడే మోగే కణాలు చూశాడు, అవి ప్లేస్ సెల్స్. 2005లో నార్వేలో మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ బృందం పక్కనే ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్‌లో గ్రిడ్ సెల్స్ కనిపెట్టింది. ఇవి ఎలా మోగుతాయంటే, ముగ్గుకి 15 నుంచి 8 దాకా సందు చుక్క పెడతారు చూడండి, అచ్చం అలా గది నేలంతా చుక్కలు పరిచినట్టు, ఎలుక ఏ చుక్క మీదకి వెళ్లినా అదే కణం మోగుతుంది. అంటే మెదడు నేల మీద ముగ్గేసుకుని దూరాలు కొలుచుకుంటోందన్నమాట! 2014లో ముగ్గురికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

ప్రాక్టీస్‌కి చార్మినార్‌ని మించింది లేదు. 1591లో కట్టినప్పుడే నాలుగు కమాన్లూ నాలుగు దిక్కులకి పెట్టారు. పొద్దున్నే షాపులు తెరవకముందు వెళ్లండి. పడమర వైపు లాడ్ బజార్ ఉంటుంది, ఉత్తరం రోడ్డు పట్టుకుంటే చార్‌కమాన్, మధ్యలో గుల్జార్ హౌజ్, మచిలీ కమాన్ దాటితే పత్తర్‌గట్టి, మదీనా, ఆ తర్వాత మూసీ మీద వంతెన నయాపూల్. ప్రతి చౌరస్తాలో ఆగి, వెనక్కి చూడకుండా చార్మినార్ ఎటుందో వేలుతో చూపించండి, ఆ తర్వాత తిరిగి చూసి ఎంత తప్పారో చూసుకోండి. జనం చూస్తారు, చూడనివ్వండి. తిరుగు ప్రయాణంలో మాత్రం అదే రోడ్డు వద్దు, ఏదో ఒక గల్లీలో దూరండి.

గల్లీ అంటే గుర్తొచ్చింది. ఒకసారి లాడ్ బజార్ వెనకాల ఫోన్ చచ్చిపోయి, ఒక ముసలాయన బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి గాజుకి అద్దాలు అతికిస్తుంటే ఆ కొట్టు ముందుకే మూడుసార్లు వచ్చా. మూడోసారి ఆయనే పట్టకారు పైకెత్తి చూపించాడు, కరెంటు వైర్ల సందులోంచి మినార్ కొస. అంతసేపూ నేను కిందే చూస్తున్నా, లెఫ్టా రైటా అనుకుంటూ.

ఆ లెఫ్టు రైటు లిస్టుతోనే చిక్కు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద పిల్లర్ నంబర్ చెప్తే చాలు దిగిపోతాం, కానీ పక్క గల్లీలోంచి వెళ్తే ఎక్కడ తేలుతామో తెలీదు. లండన్ ట్యాక్సీ డ్రైవర్లు లైసెన్స్ కోసం దాదాపు 25,000 వీధులు బట్టీ కొట్టాలి, వాళ్లకి హిప్పోక్యాంపస్ వెనక భాగం పెద్దగా ఉన్నట్టు 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం చూపించింది. రోజూ ఒకే రూట్లో తిరిగే బస్సు డ్రైవర్లలో అంత కనబళ్లేదు. మన ఆటో అన్నల్ని ఎవరైనా స్కాన్ చేస్తే చూడాలనుంది నాకు.

మ్యాప్స్ పూర్తిగా మానెయ్యక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండేలా పెట్టుకుని, బయల్దేరేముందే దారంతా ఒకసారి చూసుకుని, జేబులో పెట్టేయండి. తప్పిపోతే తియ్యండి. అన్నట్టు ఇంట్లో పెద్దవాళ్లు ఏళ్లుగా తిరిగే దారి ఉన్నట్టుండి మర్చిపోతుంటే "వయసు కదా" అని వదిలెయ్యొద్దు, అల్జీమర్స్ తొలిగా దెబ్బకొట్టేది ఈ గ్రిడ్ సెల్స్ ఉండే చోటునే, డాక్టర్‌కి చూపించండి.

రాత్రి ఇంటికొచ్చాక పాత నోట్‌బుక్ వెనక పేజీలో తిరిగిందంతా గీయండి. ముందు మూసీ, పడమర నుంచి తూర్పుకి ఒక గీత, దాని మీదే మిగతావన్నీ. నేను మొదటిసారి గీసినప్పుడు హైకోర్టునీ ఉస్మానియా ఆస్పత్రినీ ఒకే ఒడ్డున పెట్టేశా, పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే! తర్వాతి ఆదివారం నయాపూల్ మధ్యలో నిలబడి రెండు పక్కలా చూసొచ్చాక గానీ రబ్బర్‌తో చెరపబుద్ధి కాలేదు.