కాగితం పక్కన పెట్టి మోర్స్ వినడం

చుక్కలూ గీతలతో అక్షరాలు పంపే మోర్స్‌ని రాసుకోకుండా, వింటూనే మాటలు పట్టుకోవడాన్ని హ్యామ్‌లు, అంటే సరదాకి రేడియో నడిపేవాళ్లు, హెడ్ కాపీ అంటారు. రాయడం బాగా వచ్చినవాళ్లకే ఇది మొదట్లో ఎక్కువ కష్టం. చెవిన పడ్డ అక్షరం నేరుగా వేళ్లలోకి పోతుంది, మనసులో నిలవదు. అందుకే ఆ అలవాటు ముదరకముందే పెన్ను పక్కన పెట్టాలి.

ముందు ఒక పరీక్ష. డా అంటే గీత, డి లేదా డిట్ అంటే చుక్క. డా-డి-డా-డిట్ అని వినబడగానే ‘సి’ అని తోచాలి. చుక్కలూ గీతలూ లెక్కపెడుతున్నా, చార్టు కళ్ల ముందు మెదులుతున్నా ఇంకా అక్షరాల దగ్గరే ఉండాలి. కె, ఎం రెండింటితో మొదలుపెట్టి, నూటికి తొంభై సరిగ్గా పట్టాక ఇంకోటి కలుపుకుంటూ పోయే కాక్ పద్ధతి దీనికి మంచిది. స్వరం 600 హెర్ట్జ్, అక్షరం వేగం నిమిషానికి 20 పదాలు పెట్టుకోండి.

అంత వేగమా అని జంకొద్దు. నిదానంగా వింటే సులువనుకోవడమే అసలు పొరపాటు. నెల్లూరునే చూడండి: ఎన్-ఈ-ఎల్-ఎల్-ఓ-ఆర్-ఈ. గీతకు 3 చుక్కల కాలం, అక్షరం లోపల ఒక చుక్క విరామం, అక్షరాల మధ్య 3 చుక్కల విరామం. మొత్తం మాటకు 61 చుక్కల కాలం. 20 పదాల వేగంలో చుక్కకు 60 మిల్లీసెకన్లు, అంటే మాట 3.7 సెకన్లలో అయిపోతుంది. 5 పదాల వేగంలో అదే మాటకు 14.6 సెకన్లు. చివరి ఈ వచ్చేసరికి మొదటి ఎన్ జారిపోయి ఉంటుంది. తొలిరోజుల్లో విరామాలు పెంచుకోండి, అక్షరాన్ని మాత్రం సాగదీయకండి.

రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు చాలు. రెండక్షరాల ఇంగ్లీషు మాటలతో మొదలుపెట్టి, మాట పూర్తయ్యాకే పైకి అనండి. పదింటిలో తొమ్మిది వస్తే మూడక్షరాలవి, ఆపైన నాలుగక్షరాలవి. ఒక అక్షరం తప్పిందా, వదిలేయండి. దాన్ని వెతుక్కుంటూ కూర్చుంటే వెనక వచ్చే మూడూ పోతాయి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఊహించడం. ‘ఎన్-ఈ-ఎల్-ఎల్’ వినగానే మనసు నెల్లూరు అనేసి ‘యు’ కోసం చూస్తుంది, వచ్చేది ఓ. ఒంగోలు కూడా అంతే, చివర ఈ ఉంటుంది. కోవూరు, కావలి, ఉలవపాడు, టంగుటూరు ఇలా హైవే ఊళ్ల పేర్లన్నీ మోర్స్ యాప్‌లో వేసి, వరస కలిపేసి వినండి. సింగరాయకొండకు 14 అక్షరాలు. విడివిడిగా మోయలేరు. సింగ, రాయ, కొండ అని మూడు మూటలుగా పట్టుకుంటే 5, 4, 5 అక్షరాలే.

ఆ తర్వాత గాలిలో తరచూ వినబడేవి: సీక్యూ (ఎవరైనా ఉన్నారా), డీఈ (నుంచి), యూఆర్ (మీ), ఆర్‌ఎస్‌టీ (సిగ్నల్ ఎలా అందుతోందో చెప్పే అంకెలు), క్యూటీహెచ్ (ఉన్న చోటు), టీఎన్ఎక్స్ (థాంక్స్), 73 (శుభాకాంక్షలు). వీటిని అక్షరాలుగా కాక ఒక్కో దరువుగా గుర్తుపట్టాలి. 73 అంటే డా-డా-డి-డి-డిట్, డి-డి-డి-డా-డా. వందసార్లు విన్నాక దాన్ని ఎవరూ విడదీయరు.

కాల్‌సైన్‌కు, అంటే ఒక్కో హ్యామ్‌కు ఇచ్చే గుర్తింపు అక్షరాలకు మాత్రం ఊహ పనికిరాదు, మన దేశపు వాటికి మామూలుగా మొదట ఉండే వీయూ, దాని అంకె దాటాక ఏ అక్షరాలైనా రావచ్చు. దాన్నీ, అవతలివారి పేరునూ, ఊరునూ కాగితం మీద పెట్టుకోండి. మిగతా సంభాషణ చెవికే వదలండి. సాయంత్రం 7.000 నుంచి 7.040 మెగాహెర్ట్జ్ మధ్య వెతికితే నిదానంగా పంపేవాళ్లు దొరుకుతారు. మీరే మాట్లాడుతూ మాట అందకపోతే ‘క్యూఆర్‌ఎస్ పీఎస్‌ఈ’ (దయచేసి నిదానంగా పంపండి) అని పంపండి, వేగం తగ్గిస్తారు.