పాత పికప్ బాడీని కొత్త ఛాసిస్‌పై కూర్చోబెట్టే పద్ధతి

వరంగల్ షెడ్లలో ఈ పనికి పూనుకునేవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించాలి. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్నందున, అనుమతి తేలకముందే గ్యాస్ కట్టర్ పట్టకూడదు.

ఆపై ముఖ్యమైనవి కొలతలు. కొత్త ఛాసిస్ (వాహనం అడుగున ఉండే ఇనుప చట్రం) రెండు ఇరుసుల మధ్య దూరాన్ని పాత బాడీలోని చక్రాల గూళ్ల మధ్య దూరంతో పోల్చాలి. తేడా ఎక్కువగా ఉంటే, బరువంతా మోసే ఛాసిస్‌ను కోసి అతికించడం కన్నా సరిపోయే మరొకదాన్ని వెతుక్కోవడమే మేలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే అక్కడ వెల్డింగ్ విడిపోతే ప్రాణాలకే ముప్పు.

క్యాబిన్‌ను లేపే ముందు తలుపుల ఖాళీలకు అడ్డంగా ఇనుప పైపులు అతికించాలి. లేకుంటే తుప్పు తిన్న రేకు వంగి, తర్వాత తలుపులు సరిగా పడవు. బరువులు ఎత్తి దించే గొలుసు కప్పీ అయిన చైన్ బ్లాక్‌తో కొత్త ఛాసిస్‌పైకి మెల్లగా దించి, అదురును తగ్గించే రబ్బరు బుష్‌లపై బోల్టులతో బిగించాలి. స్టీరింగ్ షాఫ్ట్, బ్రేకు పైపులు ఎక్కడా ఒరుసుకోకూడదు.